బాపు కాలికి కుదిరిన ఇంజిన్

మా బాపు పాత లారీ ఇంజిన్ పాడైతే, మేడ్చల్ మెకానిక్ తుక్కు కింద కొన్న కొత్తరకం ఇంజిన్ బిగించాడు. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే ఎంత ఊపు ఇవ్వాలో చూసుకునే కంప్యూటర్ దానికి ఉంటుంది. ఇటుకల లోడుతో శామీర్‌పేట దాకా వెళ్లొచ్చిన బాపు మొహం మాడ్చుకుని దిగాడు.

"కాలు పెట్టంగనే ఉరుకుతాంది. గిది నా బండి గాదు."

అంత బలమైన ఇంజిన్ దొరికితే ఈ వంకలేమిటని నాకు ఒళ్లు మండింది. మెకానిక్ మాత్రం ఇంజిన్ కంప్యూటర్‌కు ల్యాప్‌టాప్ తగిలించుకుని బాపు పక్కన కూర్చున్నాడు.

"ఎన్కట నీ పాత ఇంజిన్ను ఎట్ల తొక్కేటోనివో గట్లనే తొక్కు కాకా."

ముగ్గురం గౌడవెల్లి దాకా పోయి వచ్చేలోపు, తెర కన్నా బాపు పాదాన్నే ఎక్కువగా చూస్తూ కంప్యూటర్‌ను సరిచేశాడు. తిరుగుదారిలో బండి మునుపటిలా నింపాదిగా కదిలి, ఎత్తు రాగానే బలం చూపించింది.

"ఇగ గిది నాది" అన్నాడు బాపు.

మర్నాడు నేను నడిపి చూశాను. నా కాలికి అది కుదరనే లేదు.