ఓడినవారి మేళం

ముందుగా నా తెలుగుకు క్షమాపణ. పగలు పత్తి చేలలో కూలికి వెళ్లి, పొద్దు గూకిన తరువాత చర్చి వరండాలో నడిచిన రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకొని, ముప్పై దాటాక ప్రైవేటుగా పదో తరగతి ఉత్తీర్ణుడనైనవాణ్ణి. ఆ సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నాను. అయినా పండితుల వలె వ్రాయడం నాకు రాదు. ఈ నాలుగు మాటలు చక్కగా వ్రాసిపెడతామని ఇద్దరు పంతుళ్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు. పోయినవారు నాకు ప్రత్యర్థి. ప్రత్యర్థికి అర్పించవలసిన నివాళిని ఎవరికి వారే వ్రాసుకోవాలని నా దృఢాభిప్రాయం.

మొన్న మంగళవారం ఉదయం కళ్లంలో ఆరబోసిన మిరపకాయలను తిరగేయిస్తూ ఉండగా, మూడో వార్డు మెంబరుగా పనిచేసినాయన సైకిలు దిగకుండానే కేకవేశారు.

"ఏమండోయ్! పెద్దాయన వెళ్లిపోయాడండీ!"

ఏ పెద్దాయన అని నేను అడగలేదు. మా ఊరికి పాతికేళ్లకు పైగా ప్రెసిడెంటుగా ఉన్నవారు. సర్పంచిని మా వైపు ప్రెసిడెంటనే పిలుస్తాము. ముందునాటి సాయంత్రం పచ్చిమిరపకాయల పచ్చడితో జొన్నరొట్టె తిని, ఉప్పు తక్కువైందని భార్యతో తగాదాపడి, హాయిగా పడుకొని, నిద్రలోనే పోయారట. దుఃఖించవలసిన సమయంలో నాకు మొదట బ్యాండు మేళం గుర్తుకు వచ్చింది. ఎందుకో చెబుతాను.

ఈ దశాబ్దం మొదట్లో జరిగిన పంచాయతీ ఎన్నికలలో ఆయన మీద పోటీకి ఊరి చివరనున్న మా పల్లెవారందరూ కలిసి నన్ను నిలబెట్టారు. ఆయన చేలో మిరపకాయలు కోసిన తల్లికి నేను కొడుకును. ఆయన నన్ను "ఏరా అబ్బాయ్" అనేవారు. నేను ఆయనను "అయ్యగారూ" అనేవాణ్ణి. ఆయన ఓడిపోతారని ఆయన పక్షంవారు కలలో కూడా అనుకోలేదు. అందుచేత చిలకలూరిపేట నుంచి మేళాన్ని ముందే పిలిపించి, ఫలహారం పెట్టి, బడి ఆవరణలో కూర్చోబెట్టారు. ఆయన పొడవుకు సరిపోయే బంతిపూల దండ కూడా బుట్టలో సిద్ధంగా ఉంది.

బడి గదిలో ఓట్లు లెక్కపెట్టారు. కొద్దిపాటి తేడాతో నేను గెలిచాను. మూడో వార్డాయన మళ్లీ లెక్కపెట్టమన్నారు. అధికారి మళ్లీ లెక్కపెట్టారు. ఫలితం మారలేదు. అధికారి సంతకం చేసి, ముద్ర వేసి, ధ్రువపత్రాన్ని నా చేతికిచ్చారు. బయటకు వచ్చాము. జై కొట్టడానికి మావాళ్లకు ధైర్యం లేదు. వాళ్లవాళ్లు బుట్టలోని దండను చూస్తూ నిలబడ్డారు.

పెద్దాయన ఒక్కరే గట్టిగా మాట్లాడారు. "ఏరా మేళం, కునుకుతున్నారా? వాయించరేం?"

"ఎవరికి వాయించమంటారు బాబుగారూ?"

"గెలిచినాయనకిరా! ఓడినవాడికి ఎక్కడన్నా వాయిస్తారా?"

"బాబాయ్, మేళానికి డబ్బులు మనం ఇచ్చాం!" అని మూడో వార్డాయన మొత్తుకున్నారు.

"ఇచ్చాం గనకనే వాయించమంటున్నా. పాపం, ఆయన మేళం తెచ్చుకోలేదుగా!"

ఆ దండ తీసి నా మెడలో వేశారు. నేను పొట్టివాణ్ణి గనుక అది నా మోకాళ్ల దాకా వచ్చింది. తరువాత, "నడవండి ప్రెసిడెంటుగారూ" అన్నారు. చదువరులారా, ఆ పూట మేళం ఎంత గట్టిగా మోగిందో నాకు తెలియదు. ఆ "గారు" ఒక్కటే నాకు వినిపించింది.

మా వైపు ఒక చెడ్డ అలవాటు ఉంది. గెలిచినవారి ఊరేగింపు ఓడినవారి గడప ముందు కావాలని ఆగి, రెట్టింపు చప్పుడు చేసి, ఎగతాళి చేస్తుంది. ఆనాడు ఓడినాయనే ముందు నడుస్తూ ఉంటే ఎవరిని ఎగతాళి చేయాలో మా కుర్రవాళ్లకు పాలుపోలేదు. ఆయన తన గడప ముందు తానే మేళాన్ని ఆపి, అందరికీ నిమ్మకాయ మజ్జిగ ఇప్పించారు. కళ్లాల పక్కగా వెళ్లేటప్పుడు మిరపఘాటుకు క్లారినెట్టు వాయించేవాడు తుమ్మాడు. అతని వెనుక డోలువాడు, ఆ వెనుక నేను. పాట ఆగిపోయింది గాని నవ్వులు ఆగలేదు.

అసలైన పరీక్ష వారం తరువాత వచ్చింది. తొమ్మిదిమంది మెంబర్లలో అయిదుగురు ఆయన పక్షంవారు. మొదటి సమావేశానికి రాకూడదని వారు నిశ్చయించుకున్నారు. ఆ సంగతి మీద పెద్దాయనతో జరిగిన సంభాషణను మూడో వార్డాయనే తరువాత నాకు చెప్పి పకపకా నవ్వారు.

"మేం అయిదుగురం రాకపోతే కోరం ఉండదు బాబాయ్. మీటింగే లేకపోతే అతగాడు కుర్చీ ఎక్కేదెట్టా?"

"నువ్వు మెంబరువెట్టా అయ్యావురా?"

"గెలిచి."

"గెలిచావని ఎవరు చెప్పారు?"

"ఆఫీసరు కాగితం ఇచ్చాడుగా!"

"ఆయనకూ ఆ ఆఫీసరే, ఆ కలంతోనే ఇచ్చాడు. ఆయన కాగితం చెల్లకపోతే నీదీ చెల్లదు. ఇటు తే, చించేస్తా."

మూడో వార్డాయన జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారట.

"లెక్కలో ఏదన్నా మోసం జరిగిందేమో బాబాయ్?"

"జరిగిందనుకుంటే కోర్టుకు పో. బస్సు ఛార్జీ నేనిస్తా. అక్కడ తేలిందాకా ఆయనే ప్రెసిడెంటు. అంతేగాని మీటింగు ఎగ్గొట్టమని నీకెవడూ ఓటెయ్యలేదు."

తరువాత భుజం మీది తువ్వాలు తీసి వారికి చూపించారట. గుంటూరు మిరపయార్డులో బేరం ఎలా జరిగేదో మా రైతులందరికీ తెలుసు. కొనేవారూ అమ్మేవారూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లతోనే ధర చెప్పుకుంటారు. "తువ్వాలు తీసేదాకా ఎంతన్నా బేరమాడండ్రా. తీశాక బస్తా ఎత్తాల్సిందే," అన్నారట.

అప్పటికి ఇవేవీ నాకు తెలియవు. పంచాయతీ ఆఫీసులో నేను, మా నలుగురు మెంబర్లు, మాటిమాటికీ గడియారం చూసుకునే అధికారి కూర్చొని ఉన్నాము. వాయిదా వేస్తానని అధికారి కలం తీశారు. మా పల్లెవారు నాకు ఇచ్చినదంతా ఆ కలం కింద ఉందని నాకు అనిపించింది. అప్పుడు ట్రాక్టరు చప్పుడైంది. పెద్దాయనే నడుపుతున్నారు. వెనుక ట్రక్కులో అయిదుగురు మెంబర్లు పెళ్లికి బలవంతాన తీసుకొచ్చిన బంధువుల్లాగా ముఖాలు ముడుచుకొని నిలబడి ఉన్నారు.

"మీరూ లోపలికి రండి" అన్నాను.

"నేను మెంబర్ని కాదుగదండీ, లోపల నాకేం పని?" అని చూరు కింద కూర్చొని చుట్ట వెలిగించుకున్నారు.

ఇంతమాత్రాన ఆయన నాకు లొంగారని ఎవరూ అనుకోకూడదు. గ్రామసభలో నా ప్రతి పనికీ అడ్డుప్రశ్న వేశారు. మా పల్లెలో కుళాయి ఎక్కడ పెట్టాలన్న దాని మీద నాతో గొంతు పోయేలా వాదించారు. నేను విసుక్కుంటే, "మీరు గెలిచారన్నాను గాని, మీరు చేసిందల్లా బాగుందన్నానా?" అనేవారు. అలవాటుకొద్దీ ఎవరైనా ఆయనను ప్రెసిడెంటుగారూ అని పిలిస్తే వెనుదిరిగి చూసేవారు కారు. మా ఇంటి వైపు వేలు చూపించేవారు.

తరువాతి ఎన్నికలలో పెద్దాయన నిలబడలేదు. నేను మరొకరి చేతిలో ఓడిపోయాను. లెక్కింపు ముగిసి బయటకు వచ్చేసరికి అదే మేళం సిద్ధంగా ఉంది.

"ఎవరు పిలిపించారు?" అన్నాను.

"నేనే. ఎవరు గెలిచినా వాయించమని చెప్పా. నడువు!" అన్నారు పెద్దాయన.

గెలిచినాయన మెడలో నా చేతులతో దండ వేసి, తల ఎత్తుకొని ఊరేగింపు ముందు నడిచాను. పెద్దాయన నా పక్కన కుంటుతూ, "ఏమోయ్, కాస్త మెల్లగా, మోకాళ్లు!" అన్నారు. పదవి పోయింది గనుక "గారు" పోయింది. కాని పాత "ఏరా" తిరిగి రాలేదు. "ఏరా"కూ "ఏమోయ్"కీ మధ్య ఎంత దూరముందో నడిచినవాణ్ణి గనుక నాకు తెలుసు.

శాసనసభలో కూర్చునేవారి సంగతి చెప్పేటంతటివాణ్ణి కాను. అయితే వారిని అక్కడ కూర్చోబెట్టినదీ ఇటువంటి ఒక అధికారి సంతకమే. పక్కవాని కాగితం మీది సంతకం చెల్లదన్నవారు తమ జేబులోని కాగితాన్ని కూడా ఒకసారి తడుముకోవాలి.

పెద్దాయన అంతిమయాత్రకు ఆ మేళాన్ని ఈసారి నేను పిలిపించాను. కళ్లాల దగ్గరికి వచ్చేసరికి క్లారినెట్టు మళ్లీ తుమ్మింది. తరువాత డోలు. పాడె మోస్తున్న మూడో వార్డాయన, నేను ఒకరినొకరం చూసుకున్నాము. ముందు నవ్వినది మేము కాదు. వెనుక నడుస్తున్న పెద్దాయన భార్య. ఎర్రటి మిరపకాయల మధ్య తెల్లటి పాడె, దాని చుట్టూ కళ్లనీళ్లతో తుమ్ముతూ నవ్వుతూ ఊరంతా.

ఈ కాగితాలను మా గ్రంథాలయంలో ఉంచుతున్నాను. వచ్చే ఎన్నికలలో ఓడినవారు మొదట చదవాలి. తరువాత వారి పక్షాన గెలిచిన మెంబర్లకు ఇవ్వాలి. వారు చదివాక ఎవరైనా మా శాసనసభ్యులవారికి చేర్చగలరు. గెలిచినవారు అందరికంటే ఆఖరున చదివినా ఫరవాలేదు. ఆ పూట మేళం చప్పుడులో వారికి ఎలాగూ ఏమీ వినిపించదు.