నస్పూర్ షెడ్డులో మిగిలిన మా కంపెనీ కారు

మా రామగుండంలో ఒకప్పుడు కార్లు తయారుచేసే కంపెనీ ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. అందులో నేను పనిచేశానంటే మా ఆవిడే నమ్మదు. మొదటి దసరాకి యంత్రాలకి పూజ చేశాం. రెండో దసరాకి పూజ చేద్దామంటే గేటు తాళమే మిగిలింది. విడిభాగాలు ఎక్కడి నుంచో రైల్లో రావాలి, వాటికంటే ముందు వేసవి వచ్చింది. మా ఎండకి రేడియేటర్లో నీళ్లతోపాటు యజమాని ఉత్సాహమూ ఆవిరైంది. అక్కడ నా ఉద్యోగం తలుపులు బిగించడం. ఆ తర్వాత బొగ్గు గని ఆఫీసులో గుమాస్తాగా చేరి, రిటైరయ్యేదాకా ఒక్కసారీ గనిలోకి దిగని ఘనుణ్ణి.

ఆ కార్లలో నాకు తెలిసి మిగిలింది ఒక్కటే, నస్పూర్‌లో మా బావ రేకుల షెడ్డులో. ఆ కారులోనే కోళ్లు గుడ్లు పెట్టేవి. మొన్న అక్క ఫోన్ చేసి, షెడ్డులో కోడలు కుట్టుమిషన్ పెట్టుకుంటుందని, కారును పాత ఇనుముకి ఇచ్చేస్తున్నారని చెప్పింది. నేను లబోదిబోమన్నాను. బావ ఫోన్ అందుకుని ఒకే షరతు పెట్టాడు: ఆదివారం ఇనుపసామాన్ల వాడు వచ్చేలోపు అది దానంతటది రోడ్డెక్కితే నాది, లేకపోతే వాడిది.

ఆదివారం పొద్దున్నే కొత్త బ్యాటరీతో, మా వీధి మెకానిక్‌తో గోదావరి దాటాను. అతను ప్లగ్గులు మార్చాడు, కార్బురేటర్ కడిగాడు, టైర్లలో గాలి నింపాడు. స్టార్టర్ మాత్రం తుప్పు పట్టి రాలిపోయింది. ఇక నెట్టాల్సిందే. బావ తన పాత జోడీదారులను ముగ్గురిని పిలిచాడు. నలుగురూ భూగర్భంలో బొగ్గు టబ్బుల్ని తాడుతో లాగే చోట పనిచేసి రిటైరైనవాళ్లే. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. అప్పటికే ఇనుపసామాన్ల ట్రాలీ వీధి చివరికొచ్చి ఆగింది.

నెట్టారు. ఇంజను దగ్గింది, తుమ్మింది, అందుకుంది! ఆనందం పట్టలేక హారన్ ఒక్కసారి నొక్కాను. వెనక నలుగురూ ఒక్కసారిగా చేతులు తీసేసి నిటారుగా నిలబడ్డారు. కారు మూడు గజాలు దొర్లి చచ్చింది.

“ఒక్క బెల్లు కొట్టినవ్ గద బామ్మర్ది,” అన్నాడు బావ.

“సంతోషమైతే కొట్టిన బావా.”

“సంతోషమైతే నవ్వాలె. ఒక్క బెల్లంటే ఆగుమని. ఇన్నేండ్లు కొలువు జేసి గిది గూడ తెల్వదా?”

కింద, కదిలే టబ్బులకి ఒక్క గంట మోగితే అక్కడికక్కడ ఆపాలి, లేకపోతే ఎవరి ప్రాణం మీదికో వస్తుంది. ఇన్నేళ్లూ హాజరు పట్టీలో వాళ్ల పేర్లు రాశానేగాని, వాళ్ల చేతులకి ఏం వచ్చో నాకు తెలియదు.

రెండోసారి హారన్ వైపు చూడను కూడా చూడలేదు. ఇంజను అందుకుంది. గంట మోగలేదు కాబట్టి వాళ్లు నెడుతూనే ఉన్నారు! బావ పక్కన పరుగెత్తి, తలుపు తెరిచి లోపలికి దూకాడు. ట్రాలీవాడు బండి పక్కకి తీసి దారిచ్చాడు. కారు రోడ్డెక్కింది. నాది!

మలుపులో బావ దిగబోయాడు. ఆ తలుపు లోపలినుంచి తెరుచుకోదు. దీన్ని బిగించిందెవడని అడిగాడు. నేను రోడ్డు మీదే చూపు నిలిపాను. ఆపితే మళ్లీ నెట్టేవాళ్లు లేరు, మెకానిక్ కూడా వాళ్లతో వెనకే ఉండిపోయాడు. అలా బావ లుంగీతోనే గోదావరి దాటాడు. వంతెన మీద ఒక మోటార్‌సైకిలతను పక్కకొచ్చి, ఇది ఏ కంపెనీ కారని అడిగాడు. ఇన్నాళ్లూ దాన్ని కోళ్లగూడు అన్న బావ కిటికీలోంచి మెడ బయటపెట్టి, “మా బామ్మర్ది కంపెనీ,” అన్నాడు.

గోదావరిఖనిలో మా ఇంటి గేటు తెరిచే ఉంది. సగం లోపలికి వెళ్లాక, మా ఆవిడను పిలుద్దామని హారన్ ఒక్కసారి నొక్కాను. బావ చెయ్యి దానంతటది వచ్చి తాళం తిప్పి ఇంజను ఆపేసింది. ముందు సగం ఇంట్లో, వెనక సగం వీధిలో.

నేను దిగి, చుట్టూ తిరిగొచ్చి, బావ తలుపు బయటినుంచి తీశాను.

“ఇగ లోపటికి నూకుదాం పా,” అన్నాడు లుంగీ ఎగగట్టుకుంటూ. “బెల్లు మాత్రం నువ్వు ముట్టకు.”