ముఖం లేని ఫొటో

కరీంనగర్‌లో ఒక దినపత్రికకు నేను స్టాఫ్ ఫొటోగ్రాఫర్‌గా పనిచేశాను. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుండగా, ఒక ఎండాకాలం, ఆదివారం అనుబంధం నుంచి పని వచ్చింది. ఆదిలాబాద్ వైపు జాతరల్లో రికార్డింగ్ డ్యాన్సులు చేసే ఆడవాళ్లు ఇంటి దగ్గర ఎలా బతుకుతారో ఎనిమిది ఫొటోల్లో చెప్పాలి. స్టేజీ మీదివి ఒక్కటీ వద్దన్నారు. ఆ డ్యాన్సుల సంగతి మా వైపు అందరికీ తెలుసు. సినిమా పాటలతో మొదలై, పోనుపోను బట్టలు తీయమని కేకలేసేదాకా వెళుతుంది. చూసేవాళ్ల పరువు పోదు, ఆడేవాళ్లదే పోతుంది.

అలా ఆడే ఒక ట్రూపు వాళ్లు నిర్మల్‌లో మూడు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేవారు. మొదటి రెండు రోజులు కెమెరా సంచిలోంచి తీయలేదు. ముందు మనిషి అలవాటు కావాలి, తర్వాతే కెమెరా. ఇది మా పనిలో పాత పద్ధతి. మూడో రోజుకు నన్ను పట్టించుకోవడం మానేశారు.

వాళ్లలో ఒకామెను ఇక్కడ పద్మ అంటాను. చొప్పదండి దగ్గరి పల్లె. పదేళ్లు బీడీలు చుట్టి, భర్త పోయాక ఈ పనిలోకి వచ్చింది. ఊళ్లో మాత్రం బట్టల దుకాణంలో పనిచేస్తున్నానని చెప్పుకుంది. కూతురు గురుకులంలో తొమ్మిదో తరగతి. సంగతి బయటపడితే మరిది వాళ్లు పిల్లను బడి మాన్పించి తీసుకుపోతారని ఆమె భయం. అందుకే ఒకటే షరతు పెట్టింది: ముఖం పడకూడదు.

సరేనన్నాను. పగలు ఊరికే కూర్చోలేక ఆమె ఇంకా బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, అందులో తునికాకు, తంబాకు, దారం. కిటికీ వెలుగు చేతుల మీద పడుతోంది. గోళ్లకు స్టేజీ కోసం వేసుకున్న ఎర్రరంగు. మెడ కింద ఫ్రేము కట్ చేశాను. కాకిపిల్ల కాకికి ముద్దంటారు, నిజమే. కానీ ముప్పై ఏళ్లలో అంత మంచి ఫొటో నేను తీయలేదు.

అనుబంధం పేజీలు గురువారం మధ్యాహ్నం ప్రెస్సుకు పోతాయి. బుధవారం ఫొటోలు పంపాను. పేజీ ఇన్‌ఛార్జి దాన్నే ముందు పేజీకి ఎంచుకున్నాడు. గురువారం పొద్దున, ఫొటోల కింద రాసే వివరాలు సరిచూసుకోవడానికి మళ్లీ నిర్మల్ వెళ్లి, పద్మకు ల్యాప్‌టాప్‌లో ఆ ఫొటో చూపించాను. అచ్చుకు ముందు ఎవరికీ చూపించకూడదని ఆఫీసు రూలు. జాగ్రత్త కోసం కాదు, గొప్ప కోసం చూపించాను.

ఆమె తెర దగ్గరికి వంగి చూసింది. తర్వాత, "గీ ఫొటో వద్దు సార్," అన్నది.

"మొఖం కనవడ్తలేదు గదమ్మా?"

"గుర్తువట్టెతందుకు మొఖం మీకు గావాలె సార్, మా ఊరోళ్లకు చేతులు సాలు. మా కార్ఖానల ఎడమచేతితోని బీడీలు చుట్టేది నేనొక్కదాన్నే. ఊళ్లె ఏ బీడీలామె జూసినా నన్నే అంటది. మీరేమో డ్యాన్సులు జేసేటోళ్లని పైన రాస్తరు. నా బిడ్డ బడి ఒడిసినట్టే."

అన్ని రోజులు ఆ చేతులనే చూశాను, ఏది ఎడమో ఏది కుడో గమనించలేదు. వెలుగు చూశాను, అంతే.

వెంటనే ఇన్‌ఛార్జికి ఫోన్ చేశాను. అతను చిటికెలో ఉపాయం చెప్పాడు. "ఫొటో తిప్పేద్దాం సార్, అద్దంల లెక్క. కుడిచేతి మనిషైతది." నిజం చెబుతున్నాను, నాకు ఆశ పుట్టింది. అలా తిప్పినందుకు జూనియర్లను ఎన్నోసార్లు తిట్టినవాణ్ని నేనే; వార్తా ఫొటోలో కుడిని ఎడమ చేయడం మా వృత్తిలో అబద్ధం కిందే లెక్క. అయినా పద్మను అడిగాను. ఆమె తెర మీద వేలు పెట్టి, "గీ చాటకు నేను కుట్టిన అంచు గూడ వాళ్లకెర్కే," అన్నది.

తీసెయ్యమని చెప్పాను. ఇన్‌ఛార్జి గట్టిగానే విసుక్కుని, దండెం మీద ఆరేసిన మెరుపు బట్టల ఫొటో వేశాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వారం తర్వాత ఆ ఫొటో ప్రింటు తీసుకెళ్లి పద్మకిచ్చాను. "నా చేతులు గింత మంచిగుంటయా సార్?" అని అడిగి, కాసేపు చూసి, పొయ్యిలో పెట్టింది. ల్యాప్‌టాప్‌లో ఉన్నదాన్ని ఆమె ముందే తుడిచేశాను. ఆఫీసుకు పంపిన కాపీని కూడా తీయించాను.

ఎవరిని ఏది పట్టిస్తుందో ఫొటో తీసినవాడికి తెలియదు, అందులో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మిగిలిన రెండేళ్లూ ఇలాంటి ప్రతి ఫొటోనూ అచ్చుకు ముందు వాళ్లకు చూపించాను. రూలు తప్పినందుకు రెండు మెమోలు వచ్చాయి. సంతకం పెట్టి తీసుకున్నాను.