మంచులో కుదిరిన రంగులు

ఆ రోజుల్లో (రాజుల కాలం కాదు, ఐదేళ్ళ కిందటి మాట) రంగుల గురించి నాకు తెలియనిదంటూ లేదు. ఇంటర్ అయ్యాక, ఏ రంగు పక్కన ఏది నప్పుతుందో చెప్పే వీడియోలు ఫోన్లో తెగ చూశాను. బ్రష్ పట్టింది మాత్రం రెండుసార్లు. అందులో ఒకసారి మా మేక కొమ్ములకి. ఇంతటివాణ్ణి నమ్మి, లంబసింగిలో కొత్తగా కాఫీ కొట్టు పెడుతున్న మా పిన్ని, నర్సీపట్నం పెయింటర్ని వద్దనేసి ముందు గోడంతా నాకిచ్చింది. దాని మీద థింసా నాట్యం ఆడే ఆడవాళ్ళ వరస వెయ్యాలి. ఆదివారం కొట్టు తెరుస్తారు. అప్పటికే ఆ రోడ్డున మూడు కాఫీ కొట్లున్నాయి; ఆ గోడ చూసి కార్లు ఆగకపోతే నాలుగోదైన పిన్ని కొట్టు మూసుకోవడమే.

నాకు కాలు నిలిచేది కాదు. ఆరింటికల్లా గోడ ముందుండేవాణ్ణి. తొమ్మిదింటికి పిన్నీ నేనూ కాఫీ పళ్ళు కోయడానికి తోటకెళ్ళి, చీకటిపడ్డాకే వచ్చేవాళ్ళం. కాబట్టి పనంతా పొద్దుటి మంచులోనే. (లంబసింగి మంచు ఎరిగినవాళ్ళకి ఈపాటికి విషయం అర్థమైపోయుంటుంది. నాకు కాలేదు.) నారింజ వేస్తే నీళ్ళ మజ్జిగలా కనబడింది, ఇంకో రెండు పూతలు దట్టించాను. దాని పక్కన నీలం నీరసపడింది, దానికీ బలం పట్టించాను. నాలుగడుగులు వెనక్కేస్తే రంగు కనబడదు, ఎనిమిదడుగులేస్తే గోడే కనబడదు. అయినా ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉన్నాను.

“ఏట్రా గుంటడా, గోడకి పెదచ్చినాలు సేత్తన్నావు? బేగి కానీ” అనేది పిన్ని.

“రంగులు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవాలి పిన్నీ.” (ఇది వీడియోలో మాటే.)

“మాటాడుకుని ఏదోటి తేల్సమను. తోటకెళ్ళాల.”

శనివారం తోటకి సెలవు. పదింటికి మంచు విడిపోయింది, మొదటిసారి ఆ గోడని ఎండలో చూశాను. రంగులు మాట్లాడుకోవడం లేదు, జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నాయి. ఎదురింటి కుక్క ఒకసారి మొరిగి, ఆలోచించుకుని, వేరే వీధిలోకి వెళ్ళిపోయింది. పిన్ని అరిచినా బాగుండేది. గోడనీ నన్నూ మార్చి మార్చి చూసి, “కనపడతాదిలేరా. పాడేరుకి కూడా కనపడతాది” అంది.

“సున్నం కొట్టేస్తాను పిన్నీ.”

“రేపు తడిగోడ ముందు కూకుని కాఫీ ఎవుడు తాగుతాడు? ఒగ్గీ, అలాగే ఉండనీ.”

ఆదివారం మంచు విడవకూడదని నేనూ, బేగి విడవాలని పిన్నీ మొక్కుకున్నాం. మంచున్నంతసేపూ నా పరువు దక్కింది. గోడే కనబడక కార్లన్నీ ముందుకెళ్ళిపోయాయి. పాలు రెండుసార్లు కాగి చల్లారాయి. పిన్ని తుడిచిన కప్పులే మళ్ళీ తుడిచింది. తొమ్మిదిన్నరకి ఎండొచ్చింది, ఓ కారు కీచుమని ఆగింది. విశాఖ నుంచి వచ్చిన కుటుంబం. మెరిసే గులాబీ జాకెట్లు, నిమ్మపండు రంగు మంకీ టోపీలు, చిలకపచ్చ చేతితొడుగులు. అంతా ఫోటోకని గోడకి ఆనుకుని నిలబడ్డారు. వారంగా కొట్టుకుంటున్న నా రంగులు ఒక్కసారి సర్దుకున్నాయి. వాళ్ళ పక్కన ఆ గోడ కొత్తగా బళ్ళో చేరిన పిల్లలా బెదిరిపోయింది. వెనకే మరో రెండు కార్లు ఆగాయి.

“నీ బొమ్మలో మనుసులు తక్కువయ్యారంతే” అంటూ పిన్ని కప్పుల పళ్ళెం నా చేతికిచ్చింది.

ఇప్పుడు అరకు చుట్టుపక్కల హోటళ్ళ గోడల మీద బొమ్మలు నేనే వేస్తున్నాను. మంచు పూర్తిగా విడిచేదాకా డబ్బా మూత తియ్యను. ప్రతి రంగూ పక్కదాంతో మర్యాదగా ఒదిగిపోతుంది, ఎవరూ తప్పు పట్టరు. కారూ ఆపరు. అప్పుడప్పుడూ నాలోని ఆ పద్దెనిమిదేళ్ళ వాణ్ణి పిలిచి, గోడలో ఓ మూల వాడికి వదిలేద్దామనిపిస్తుంది. మూలతో ఊరుకునే రకం కాదనుకోండి వాడు.