గుల్జార్ బీ గొంతు

షబ్బీర్ నాపరాళ్లు పరిచే మేస్త్రీ. మైదుకూరులో మా ఇంటి బండలన్నీ అతను పరిచినవే. ప్రతి బండనూ సుత్తితో మెల్లగా తట్టి, చెవి ఒగ్గి విని, లోపల పగులుందంటే పక్కన పడేసేవాడు. ఆ తట్టుడులోంచే ‘రాయిదెబ్బ’ అనే ర్యాప్ బృందం పుట్టింది. దరువు షబ్బీర్‌ది, మాటలు అతని చిన్ననాటి స్నేహితుడు భూపేష్‌వి. ఇద్దరికీ అక్షరాలు దిద్దించిన పంతులును నేనే.

వాళ్ల మొదటి పాట మధ్యలో ఒక ముసలి గొంతు వస్తుంది. అది షబ్బీర్ తల్లి గుల్జార్ బీది. మొహర్రం నాడు పీర్ల ముందు ఆమె పాడుతుంటే షబ్బీరే ఫోన్లో రికార్డు చేశాడు. కడప ఆటోల్లో ఆ పాట మోగని రోజు లేదు. "నా గొంతు బద్వేలు దాకా పోయిందంట సారూ!" అని ఆమె ఎంత మురిసిపోయేదో.

తర్వాత భూపేష్ మ్యూజిక్ కంపెనీ పెట్టాడు. ఒకరోజు పాటల ఒప్పందం కాగితాలు తెచ్చి మా అరుగు మీద పరిచాడు.

"చదువుకోప్పా" అన్నాడు, మాటవరసకు.

"నువ్వు తెచ్చినాక చదివేదేందప్పా?" అని షబ్బీర్ సంతకం గీకేశాడు.

మా వైపు ఇదొక జబ్బు. స్నేహితుడు ఇచ్చిన కాగితం చదివితే వాడిని దొంగ అన్నట్టే లెక్క. బండనైతే తట్టి చూస్తాం.

కిందటేడు గుల్జార్ బీ పోయింది. ఈ మొహర్రానికి పీర్ల చావిడి దగ్గర అందరూ అడిగితే, దరువు లేని ఆమె వట్టి గొంతును షబ్బీర్ మైకులో వినిపించాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. దాన్నే తన యూట్యూబ్ ఛానల్లో పెట్టుకున్నాడు. రెండో రోజుకు యూట్యూబ్ వాళ్లు తీసేశారు. ఆ గొంతు మీద హక్కులు కంపెనీవట.

నా ముందే భూపేష్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"మాయమ్మ గొంతప్పా అది. ఉండనీ."

"నా చేతిలో ఏముండాది షబ్బీర్? కంపెనీ రూలు."

"కంపెనీ అంటే నువ్వే కదప్పా!"

"సంతకం పెట్టినావు కదా" అని భూపేష్ ఫోన్ పెట్టేశాడు.

ఏటా రంజానుకు ఆమె చేతి సేమ్యా తిని పెరిగినవాడు! నాకు ఒళ్లు మండిపోయింది. వాడిని నోటికొచ్చినట్టు తిట్టాను. షబ్బీర్ జేబులోంచి ఆ కాగితం తీసి నా ముందు పెట్టాడు.

"మీరన్నా చదవల్ల కదా సార్" అన్నాడు.

అడుగున సాక్షి సంతకం నాది. నేనూ చదవలేదు.