బొమ్మ జాకెట్టులో వదిలిన గుడ్డ

శ్రీకాకుళంలో మా పక్కింటి గున్నమ్మ ఎవరికి జాకెట్టు కుట్టినా లోపల రెండు వేళ్ళ గుడ్డ వదులుతుంది. ఆడపిల్లలు ఒళ్ళు చేస్తారని, అప్పుడు కుట్టు విప్పుకుంటే సరిపోతుందని ఆమె సిద్ధాంతం. మా వీధి కుర్రాళ్ళం ఎదుగుతామని ఎవరూ నమ్మలేదు గానీ, గున్నమ్మ మాత్రం ప్రతి పిల్లనూ నమ్మింది.

రెడీమేడ్ బట్టలొచ్చాక ఆమె మిషను మూలపడింది. అలాంటి రోజుల్లో చిన్నప్పుడు ఆమె దగ్గరే కుట్టించుకున్న అనూరాధ ఎచ్చెర్ల నుంచి ఒక ఫ్యాషన్ బొమ్మను తెచ్చింది. జానెడు పొడవు, వేలంత నడుము. కూతురి పుట్టినరోజుకి దానికి పట్టుచీర, జాకెట్టు కావాలి. నచ్చితే కూతురి స్నేహితురాళ్ళ బొమ్మలన్నీ బట్టలు కుట్టడానికి గున్నమ్మకే వస్తాయి.

గున్నమ్మ ముచ్చటగా కుట్టింది. తీరా అనూరాధ తొడగబోతే బొమ్మ చెయ్యి జాకెట్టులో దూరలేదు. తిరగేసి చూస్తే లోపలంతా మడత మీద మడత గుడ్డ.

"ఇదేటి పిన్నీ, ఇంత గుడ్డ ఒగ్గేసినావు?"

"రేపు ఒళ్ళు సేస్తే ఏటి సేస్తావే?"

"ప్లాస్టిక్కు బొమ్మ పిన్నీ! ఒళ్ళెలాగ సేస్తాది?"

గున్నమ్మ బొమ్మ నడుము తడిమి చూసింది. "నిజమేనే. పాపం, దీనికి తిండేది?" అంటూ కత్తెర తీసింది. మిగులు గుడ్డ కోస్తున్నంతసేపూ తన జుట్టే కోసుకుంటున్నట్టు మొహం పెట్టింది. ఈసారి జాకెట్టు అతికినట్టు పట్టింది. అనూరాధ మురిసిపోయి, మిగతా బొమ్మలన్నీ పంపిస్తానంది.

"పంపు. ముందే సెప్పేస్తన్నాను, బిగుతైపోనాదని మళ్ళీ నా దగ్గరికి రాకండి," అంది గున్నమ్మ.