కాయం వాసన

మా వైపు ఏ ఇంట్లో కాన్పు అయిందో ఎవరూ చెప్పక్కర్లేదు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము వేయించి దంచి, ఆ పొడిని బెల్లం పాకంలో నెయ్యి పోసి ఉడికిస్తే లేచే ఘాటు వీధి చివరిదాకా పోతుంది. దాన్నే కాయం అంటారు. బాలింత రోజూ పొద్దున్నే పరగడుపున ఉసిరికాయంత ఉండ తినాలి. కడుపులో మిగిలిన చెడు రక్తం పోతుందని, ఒంట్లో నీరు తీస్తుందని, పాలలోంచి పిల్లకి కూడా మందు అందుతుందని పెద్దవాళ్ళ మాట. ఆ వాసన పట్టుకుని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చేస్తారు. వచ్చినవాళ్ళ చేతిలో కూడా చిన్న ఉండ పెడతారు. అది తింటూ వాళ్ళు రెండే ప్రశ్నలు అడుగుతారు. పాపా, బాబా? ఎవరి పోలిక?

నా కాన్పుకి అమ్మ ముందే అన్నీ సిద్ధం చేసుకుంది. చోడవరం బజారులో పచారీ కొట్టతన్ని విసిగించి, పుచ్చు లేని శొంఠి ఏరించి తెచ్చింది. ఎండబెట్టి, దంచి, జల్లించి, పొడి జాడీలో పోసి మూతికి గుడ్డ కట్టింది. కాయానికి కొత్త బెల్లం పనికిరాదట. చుట్టూ చెరకు తోటలున్న ఊళ్ళో పాత బెల్లం ముక్క కోసం ఆవిడ తిరగని ఇల్లు లేదు. నేను నవ్వుతుంటే, కన్నాక తెలుస్తుందిలే అనేది.

ఆసుపత్రి నుంచి నేను ఒట్టి చేతులతో వచ్చాను. ఏడుపు వినిపించలేదు, అంతే. అంతకన్నా వివరంగా చెప్పడం ఇప్పటికీ నాకు చేతకాదు. అడిగితే గుడ్డలో చుట్టి ఒక్కసారి చూపించారు. మా ఆయన తీసుకెళ్ళాడు. ఎక్కడికని నేను అడగలేదు, తను చెప్పలేదు.

ఇంటికి వచ్చాక కూడా నాకు ఏడుపు రాలేదు. అందరూ దానికోసమే కాచుకున్నట్టు నా ముఖం చూసేవాళ్ళు. ఒకసారి ఏడ్చేస్తే వాళ్ళకీ ఓ పని అయిపోయేది కాబోలు. ఫ్యాను తిరగడం కనిపించేది, కుక్కరు కూత వినిపించేది, అన్నం తింటే అన్నమని తెలిసేది. దుఃఖం మాత్రం ఇంకెవరి ఇంట్లోనో ఉన్నట్టుండేది. ఒళ్ళు ఒక్కటే ఏమీ ఎరగనట్టు తన పని తాను చేసుకుపోయింది. పాలు పడ్డాయి. ఎండిపోవడానికని అమ్మ మల్లెపూలు తెచ్చి గుడ్డతో గుండెలకి కట్టింది. అవి వాడిపోతే తీసి కొత్తవి కట్టేది. గదిలో పెళ్ళివారింటి వాసన వేసేది.

అమ్మ నాకు బాలింత పథ్యం పెట్టలేదు. తలకి గుడ్డ చుట్టలేదు, చెవుల్లో దూది పెట్టలేదు. అందరితోపాటు పప్పు, పెరుగు వడ్డించేసింది. కాయం జాడీ అటకెక్కింది. కాయం వండితే వాసన బయటికి పోతుంది, ఎవరో ఒకరు వచ్చి ఆ ప్రశ్నలు అడుగుతారు. అమ్మ భయం అదేనని నాకు తెలుసు. తెలిసి కూడా కోపం వచ్చేది. అంత మొద్దుబారిన మనిషికి కోపం ఎక్కడినుంచి వచ్చేదో మరి. తొమ్మిది నెలలు మోశాను, నొప్పులు పడ్డాను, కుట్లు వేయించుకున్నాను. తీరా చూస్తే జ్వరం తగ్గినదానిలా పెరుగన్నం తింటున్నాను. ఇంతకీ నేను కన్నట్టా, కననట్టా? అడిగితే అమ్మ తట్టుకోలేదని అడగలేదు.

మా ఆయనకి విశాఖలో కంపెనీ ఉద్యోగం. సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాడు. ఒకసారి అందమైన డబ్బాలో టీ పొట్లాలు తెచ్చాడు. డీటాక్స్ టీ అట. తులసి, అల్లం, ఇంకా ఏవో ఆకులు. ఒంట్లో ఉన్న చెత్తంతా కడిగేస్తుందని ఆఫీసులో ఎవరో చెప్పారట. పాపం, ఏం తేవాలో తెలియక తెచ్చాడు. నా ఒంట్లో ఇంకా కడగడానికి ఏం మిగిలిందని అడుగుదామనుకున్నాను. అడక్కుండా తాగేసి గ్లాసు కడిగి బోర్లించాను.

ఆ తర్వాత మా ఆయన తల్లి, మా అత్త వచ్చింది. చీడికాడ దగ్గర పల్లెలో చెరకు, వరి చేసుకునే మనిషి. ఆవిడకీ నాకూ ఏనాడూ పెద్ద పొత్తు కుదరలేదు. మాట మోటు, ముక్కు ఇంకా మోటు. మనిషి కన్నా ముందు గుమ్మం దాటి వచ్చే ముక్కు. పెళ్ళయిన కొత్తలో ఆ ముక్కు పేరు చెప్పి మా ఆయన్ని ఏడిపించేదాన్ని, మన పిల్లలకి మాత్రం వద్దు దేవుడా అని.

సంచి నిండా గలిజేరు ఆకు కోసుకొచ్చింది, పొలం గట్ల మీద దొరికేది. నా పాదం మీద వేలితో నొక్కి చూసింది. సొట్ట పడింది. నీరు దిగాలంటే ఈ ఆకు పప్పులో వెయ్యమని అమ్మకిచ్చింది. తర్వాత నా తల చూసింది, చెవులు చూసింది, కాయం పెడుతున్నారా అని అడిగింది. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అత్త ఆవిడ వెనకే వెళ్ళింది. వాసన వస్తే జనం వస్తారని అమ్మ గొంతు తగ్గించి చెప్పడం వినిపించింది. మా అత్తకి గొంతు తగ్గించడం రాదు.

"రానీ వదినా. పిల్ల నేకపోతే బాలింత కాకుండా పోద్దేటి? కన్నాది కదా."

జాడీ తనే దించింది. పాకం పట్టి, పొడి వేసి, నెయ్యి పోసి గరిటె తిప్పుతుంటే ఘాటుకి నాకు తుమ్ములొచ్చాయి. అమ్మ లేచి కిటికీ మూసింది. అత్త వెళ్ళి తెరిచింది.

మా వీధివాళ్ళకి సంగతి తెలుసు కాబట్టి ఎవరూ రాలేదు. వచ్చింది మేడ మీద కొత్తగా అద్దెకు దిగినావిడ. మేము ఆసుపత్రిలో ఉన్నప్పుడు దిగారు, ఆవిడకి ఏమీ తెలియదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ నవ్వు ముఖంతో లోపలికొచ్చింది. అత్త పొయ్యి మీది కాయంలోంచే కాస్త తీసి, ఊది, ఉండ చేసి ఆనవాయితీగా ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ అది నోట్లో వేసుకుంది.

"వాసనొస్తే దిగొచ్చేనండి. పాపా, బాబా?"

అమ్మ చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది.

"పాప," అన్నాను.

అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. ఆ మాట నా నోటివెంట రావడం అదే మొదలు. ఆవిడ ఉయ్యాల కోసం గదంతా చూసింది. తర్వాత అమ్మ ముఖం చూసింది. నమలడం ఆగిపోయింది. నోట్లో ఘాటు మింగలేక, ఉమ్మలేక నిలబడిపోయింది. ఆవిడ తప్పేమీ లేదు. కానీ ఆ రెండో ప్రశ్న కూడా నాకు కావాలి. ఇంక ఆవిడ అడగదని అర్థమైంది. అందుకని నేనే చెప్పాను.

"ముక్కు అచ్చం మా అత్తదేనండి."

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది. అత్త వెనక్కి తిరగలేదు. చాలాసేపు గరిటె మళ్ళీ కదలలేదు. మాడు వాసన లేచాక అమ్మే వెళ్ళి పొయ్యి ఆపింది.

ఆ మాడిన కాయమే జాడీకెత్తుకుని రోజూ పొద్దున్నే పరగడుపున తిన్నాను, తల చుట్టూ గుడ్డ కట్టుకుని, జాడీ ఖాళీ అయ్యేదాకా.